జములమ్మ మోసుకెళ్లిన పలుపు

రోహిణి కార్తెలో బుద్ధున్న మనిషి ఎవరూ పనిగట్టుకుని రోడ్డెక్కరు. పొద్దెక్కీ ఎక్కకముందే ఎండ నెత్తిన కూర్చుంటుంది. దాని వెనకే గాలి లేస్తుంది, అది పొయ్యిలోంచి వచ్చినట్టే ఉంటుంది. అలాంటి దినాన జములమ్మ చచ్చిపోయిన మొగుడి బండి బయటికి తీసింది. తలకు తువ్వాల చుట్టుకుంది, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది, వెనక సీటు మీద ఒక పాత పలుపును, అంటే ఎద్దు మెడకు కట్టే తాడును, చుట్టచుట్టి రబ్బరుతో బిగించింది. ధరూరు పక్కనున్న తన ఊరి నుంచి కొల్లాపూర్ దాటి నల్లమల అంచు దాకా పోవాలి. అక్కడ జయరాజు అనే మనిషి ఉన్నాడు. వాడి కొట్టంలో ఈ పలుపు కట్టి, వాడింట్లో చావు పెట్టి రావాలి. అదీ ఆమె పని.

"వదినా, గాలి ఎట్ల కొడ్తుందో చూసినవా? రేపు పోదువులే" అన్నాడు మరిది నాగేశ్, బండికి అడ్డంగా నిలబడి.

"రెండేండ్ల సంది ఆగిన. ఇంక రేపేంది? జరుగు."

"అయితె నేను గూడ వస్త. బండి నేను నడుపుత."

"నువ్వొస్తె ఆని ఇంట్ల చాయ్ తాగి, ఆని కాళ్లు మొక్కి వస్తవు. నాకెరుకలేదా నీ సంగతి? జరగమన్ననా లేదా?"

నాగేశ్ జరిగాడు. జములమ్మ జరగమంటే ఆ ఊళ్లో జరగనివాళ్లు తక్కువ. ఈ బండి నడపడం ఆమెకు నేర్పింది ఆ నాగేశే. ఆరు నెలల పాటు చెలకల్లో పడుతూ లేస్తూ నేర్చుకుంది. ఈ వయసులో నీకు బండి ఎందుకే అని ఆడవాళ్లు నవ్వితే, పనుంది అని మాత్రమే చెప్పేది. ఆ పని ఏమిటో నాగేశ్‌కు ఒక్కడికే తెలుసు. తెలిసీ నేర్పినందుకు ఇప్పుడు తల పట్టుకున్నాడు.

ఆమె మామూలు మనిషి కాదు మరి. ఎద్దు ఒంటి బొచ్చులో ఏ సుడి ఎక్కడుంటే ఆ ఇంటికి ఏం ఒరుగుతుందో చెప్పడంలో ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ విద్య తండ్రి నేర్పాడు. ఆమె కళ్లతో చూసేది కాదు. కళ్లు మూసుకుని ఎద్దు నొసటి నుంచి తోక మొదలు దాకా వేళ్లు పోనిచ్చేది. నొసటి మీద ఒక్క సుడి ఉంటే మంచిదే. వెన్ను మీద పక్కపక్కన రెండుంటే మాత్రం అది పాడె సుడి, ఆ ఎద్దు కట్టిన ఇంటి నుంచి ఏడాది తిరక్కుండా పాడె లేస్తుందని లెక్క. ఎవరు కొత్త కోడెను కొన్నా ముందు జములమ్మ వాకిట్లోకి తోలుకొచ్చేవాళ్లు. ఆమె తల ఊపితే పసుపు కుంకుమ పెట్టేవాళ్లు. ఊపకపోతే మళ్లీ పెబ్బేరు సంతకు తోలేవాళ్లు. ఆ పెత్తనం ఆమె నెత్తికెక్కిందా అంటే ఎక్కింది. ఎక్కకుండా ఉండటానికి ఆమె ఏమైనా సన్యాసినా?

ఆమె మొగుడు బాలన్న మెత్తటి మనిషి. "నా పెండ్లాం వేళ్లకు కండ్లున్నయి" అని ఊరంతా చెప్పుకుని మురిసేవాడు. ఆ కళ్ల బాధ ఆయనకూ తప్పలేదు. జోడెద్దుల్లో ఒకటి జబ్బు చేసి పోయి, పెద్దోడు అనే ఎద్దు ఒంటరిగా మిగిలినప్పుడు, దానికి జతను వెతుకుతూ బాలన్న రెండుసార్లు కోడెను తెచ్చాడు. రెండుసార్లూ జములమ్మ వెన్ను తడిమి, వాకిట్లోంచే వెనక్కి పంపింది. సంతలో బేరగాళ్లు ఆయనను ఆటపట్టించడం మొదలుపెట్టారు. ఇంటికాడ అడిగొచ్చినవా బాలన్నా అని ఒకడు, పెండ్లాన్ని సంచిలో పెట్టుకొస్తే సరిపోయేది గదా అని ఇంకొకడు. ఆ మాటలు ఆయనే ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు. జములమ్మ కూడా నవ్వేది. అందులో నవ్వాల్సింది ఏమీ లేదని ఆమెకు అప్పట్లో తోచలేదు.

ఆ తర్వాత ఉగాది దాటిన ఒక శనివారం, గద్వాలకు పోయి వేరుశనగ విత్తనాల సంగతి కనుక్కుని వస్తానని చేతులూపుకుంటూ వెళ్లిన మనిషి, పొద్దుగూకేసరికి ట్రాలీ ఆటోలో ఒక ఎద్దును తెచ్చాడు. అదే రంగు, అదే ఎత్తు, అవే కొమ్ములు. పెద్దోడి పక్కన నిలబెడితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. జములమ్మ వేళ్లు పోనిచ్చింది. నొసలు బాగుంది, మెడ బాగుంది. వెన్ను మీద అరచేతి మేర బొచ్చు లేదు, పసుపూ బూడిదా పట్టించి ఉంది. నడుము నొప్పికి వాత పెట్టారని బాలన్న చెప్పాడు. ఎడ్లకు వాతలు పెట్టడం కొత్తేమీ కాదు గనక ఆమె నమ్మింది. మెడకున్న పలుపు చూసి మాత్రం అనుమానంగా అడిగింది.

"తాడు గూడ ఇచ్చిండా?"

"మంచోడు. ఇచ్చిండు" అని బాలన్న మొహం కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఆమె అడగడంలో తప్పులేదు. సంతలో ఎద్దును అమ్మినవాడు పలుపు ఇవ్వడు. విప్పుకుని భుజాన వేసుకుని పోతాడు. పలుపు ఇస్తే ఎద్దుతో పాటు ఇంటి అచ్చుబాటు, ఆ కలిసొచ్చే గుణం కూడా పోతుందంటారు. కొనేవాడే తన తాడు వెంట తెచ్చుకోవాలి. పాలమూరు సీమలో చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు.

మూడు నెలలు తిరిగాయి. ఆషాఢం గాలుల్లో బాలన్న బీచుపల్లి వంతెన మీద ఇదే బండి మీద వస్తూ పడిపోయాడు. పక్కనుంచి పోయిన లారీ ఆయనను తాకలేదు. లారీ గాలి తాకింది, నది గాలి తోసింది. దవాఖానకు తీసుకుపోయేలోపు ప్రాణం పోయింది. జములమ్మ ఏడ్చింది, అందరూ ఏడ్చినట్టే. దసరాకు ఎద్దులను కడుగుతూ ఆ కొత్త ఎద్దు వెన్ను మీద చెయ్యి వేసేదాకా ఆమె దుఃఖం మామూలు దుఃఖమే. అప్పటికి వాత పెట్టిన చోట బొచ్చు మళ్లీ మొలిచింది. బొచ్చు కింద పక్కపక్కన రెండు సుడులు.

ఆ రోజుతో ఏడుపు ఆగిపోయింది. బేరగాడు సుడులు కనబడకుండా బొచ్చు కాల్చి తన మొగుడికి అంటగట్టాడు. పీడ పూర్తిగా వదిలించుకోవడానికి పలుపు కూడా వదిలించుకున్నాడు. లేకపోతే ఏ బేరగాడైనా తాడిస్తాడా? అంతా అద్దంలో కనబడినట్టు కనబడింది ఆమెకు. పలుపు విప్పి దాచిపెట్టింది. ఎద్దును కొట్టంలోంచి బయటికి ఈడ్చి, నీడ లేని కంచె పక్కన ఇనుప గొలుసుతో కట్టేసింది. అమ్మెయ్యి అన్నారు అందరూ. ఇంకో కొంప కూలాలా అంది. బాలన్న దాన్ని ఏదో పేరుతో పిలిచేవాడు. ఆమె ఆ పేరు ఎత్తలేదు. రోజూ పొద్దున మేత విసిరేసేటప్పుడు "నా మొగుణ్ని తిన్నవు, ఇది గూడ తిను" అని సరిగ్గా ఆ రెండు సుడుల మీద కట్టెతో ఒక్కటి వేసేది. ఆ దెబ్బ వేయనిదే ఆమెకు చాయ్ దిగేది కాదు.

ఆ ఎద్దును అమ్మినవాడి పేరు జయరాజు అని సంతలో తెలిసింది. ఊరు తెలియడానికే రెండేళ్లు పట్టింది. ఆ ఏడాది నుంచే వాడు సంతకు రావడం మానేశాడు. దొంగ కాబట్టే మొహం చాటేశాడని ఆమె తేల్చుకుంది. మొన్నటి శనివారం కొల్లాపూర్ నుంచి మామిడికాయలు తెచ్చిన ఒకతను వాడి ఆచూకీ చెప్పాడు. సొంత తోట కావలి కాసుకుంటూ బాగానే ఉన్నాడట. బాగానే ఉన్నాడన్న మాట జములమ్మను నిద్రపోనివ్వలేదు.

గద్వాల దాటితే రోడ్డుకు అటూ ఇటూ ఏమీ లేదు. పత్తి కట్టె పీకేసిన చేలు, దున్ని వదిలేసిన ఎర్ర చెలకలు, అక్కడొకటి ఇక్కడొకటి తుమ్మచెట్టు. గాలికి అడ్డమన్నదే లేదు. దుమ్ము లేచి రోడ్డు మీదికి వచ్చినప్పుడు ముందు బండి కూడా కనబడదు. బాలన్న పడ్డప్పటి దెబ్బకు ఈ బండి హ్యాండిల్ కొద్దిగా ఎడమకు లాగుతుంది. వెనక నుంచి కొట్టే గాలేమో ఎడమ పక్కకే తోస్తుంది. రెంటినీ కుడికి పట్టి లాగుతూ, పళ్లు బిగబట్టి, జయరాజును తిట్టుకుంటూ పోయింది. తిట్లు ముందే కూర్చి పెట్టుకుంది. వాడి ముందు నిలబడి ఏం అనాలో, ఏది ముందు ఏది తర్వాత అనాలో అన్నీ ఆమెకు నోటికి వచ్చు. నీ ఇంట్ల ఏడాది తిరక్కుండ పాడె లెవ్వాలె, అది మోసేటోళ్లు గూడ నీకు దొరకొద్దు. చివరిది ఇదీ.

హైవే ఎక్కి బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి గాలి బండిని పట్టి ఊపింది. కింద కృష్ణలో నీళ్లకంటే బండలే ఎక్కువ కనబడుతున్నాయి. బాలన్న పడిన చోటు ఆమెకు తెలుసు. అక్కడ బండి నెమ్మది చేయలేదు. వంతెన ఎక్కేముందు ఆంజనేయస్వామి గుడి వస్తుంది. ఎప్పుడు ఇటు వచ్చినా ఆగి దండం పెట్టుకునేది. ఈసారి గుడి వైపు తల కూడా తిప్పలేదు. పని ముగించుకుని వస్తా, అప్పుడు చూద్దాం అనుకుంది.

పెబ్బేరు, వనపర్తి దాటింది. పెదాలు పగిలాయి, కళ్లల్లో దుమ్ము పడి ఎర్రబడ్డాయి. పానగల్ దగ్గర వెనక టైరు గాలి పోయింది. పంక్చర్ వేసే ముసలాయన ట్యూబును నీళ్లల్లో ముంచుతూ ఆమె అవతారం చూసి పలకరించాడు.

"గీ ఎండల ఎందాక పోతవక్కా?"

"సావుకు పోతున్న."

"అయ్యో. ఎవరు పోయిండ్రు?"

"ఇంకా పోలె. నేను పోయినంక పోతరు."

ఆయన పంక్చర్ వేసి, గాలి కొంచెం ఎక్కువే కొట్టి పంపించాడు.

కొల్లాపూర్‌లో వీధి వీధంతా మామిడిపండ్ల వాసన. లారీలకు కాయలు ఎక్కిస్తున్నారు. ఊరు దాటాక తోటలు, ఆ తోటల వెనక నల్లగా నల్లమల. ఎవరిని అడిగినా దారి చెప్పారు. జయరాజు తోట రోడ్డు పక్కనే ఉంది. చెట్ల నడుమ చిన్న ఇల్లు, ఇంటి పక్కన కొట్టం. జయరాజు చెట్టు కింద నులక మంచం మీద వెల్లకిలా పడుకుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు. నెరిసిన మీసాలు, నున్నటి పొట్ట. మనిషికి ఏ లోటూ లేదు. ఏ రోగమో రొష్టో వచ్చి మంచాన పడి ఉంటాడని, కనీసం బక్కచిక్కి అయినా ఉంటాడని జములమ్మకు లోపల ఒక ఆశ ఉండేది.

"జయరాజు నువ్వేనా?"

"నేనే తల్లీ. కాయలకొచ్చినవా?" లేచి కూర్చున్నాడు. "ఏయ్ బుచ్చమ్మా, నీళ్లు పట్కరా. పాపం ఎండల పడొచ్చినట్టుంది."

పెండ్లాం బుచ్చమ్మ చెంబుతో వచ్చింది. జములమ్మ గొంతు ఎండి అంటుకుపోయి ఉంది. అయినా చెంబు వైపు చూడలేదు. పగోడి ఇంట్లో నీళ్లు ముట్టేది లేదని బయలుదేరేటప్పుడే ఒట్టు పెట్టుకుంది.

"నీళ్లు నేను తాగ. నీ కొట్టం అదేనా?"

"అదే. ఎందుకు?"

ఆమె రబ్బరు తీసింది, పలుపు చుట్ట విప్పింది, గబగబా కొట్టంలోకి నడిచింది. నడిమి గుంజ అరిగి నున్నగా ఉంది. దానికి పలుపు చుట్టి ముడి వేసింది, ఆ ముడి మీద ఇంకో ముడి వేసింది. వంగి గుప్పెడు మన్ను తీసుకుని వెనక్కి తిరిగింది. జయరాజు మోకాళ్లు పట్టుకుని కుంటుతూ వెనకే వచ్చాడు. ఆమె నోరు తెరిచేలోపే ఆయన చెయ్యి చాచి ఆ తాడును పట్టుకున్నాడు. మొహం చాటంత అయింది.

"ఏయ్, ఇది మా చిన్నోని పలుపు గదా! మేక బొచ్చు, జనుము కలిపి నేనే పేనిన. అయితె నువ్వు బాలన్న పెండ్లానివా? బుచ్చమ్మా, ఇగో చూడు ఎవరొచ్చిండ్రో! చిన్నోడు ఎట్లున్నడు చెల్లె? మేత మంచిగ తింటుండా?"

చిన్నోడు. రెండేళ్లుగా ఆమె ఎత్తని పేరు అదే. కూర్చి పెట్టుకున్న తిట్లల్లో మొదటిది కూడా నోటికి రాలేదు.

జయరాజు ఆగేటట్టు లేడు. "ఆ ఎద్దు ఈ కొట్టంలనే పుట్టింది. పెద్దోడనే ఎద్దుకు జత కావాలని సంతల నా కాడికి వచ్చిండు బాలన్న. దీని పేరు చిన్నోడని చెప్తె, ఇంక నేను ఇడిచిపెట్టనన్నా అని దాని మెడ పట్టుకుని కూసుండు. మొకమంత ఒకటే సంబరం. వెన్ను మీద సుడులు నేనే చూపిచ్చిన. దాచిపెట్టి అమ్ముడు మా ఇంట్ల లేదు. సుడులు గిడులు నాకేం లేదు గని, నా పెండ్లాం వేళ్లకు కండ్లున్నయి, దీన్ని గూడ ఎల్లగొడ్తది, జర ఏదన్న ఉపాయం చెయ్యన్నా అని గదుమ పట్టుకుండు. చర్మం కాలకుండ, ఒట్టి బొచ్చే పోయేటట్టు కొడవలి కాల్చి దగ్గర పెట్టిన. పసుపు బూడిద ఆయననే పూసిండు. పూసుకుంట ఒకటే నవ్వుడు." జయరాజు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. "బొచ్చు మొలిచేయాళ్లకు మా జములమ్మ సుత ఈని మీద పానం పెట్టుకుంటది, అప్పుడు చెప్త అన్నడు. చెప్పిండా? బాగ తిట్టినవా?"

"నవ్వకు" అంది జములమ్మ. "మనిషి సచ్చి రెండేండ్లయింది. ఎద్దు తెచ్చిన మూడు నెలలకే."

జయరాజు నవ్వు అలాగే ఆగిపోయింది. గుంజ పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. తాడు వంక చూశాడు, ఆమె గుప్పిట్లో మన్ను వంక చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. వాకిట్లో బుచ్చమ్మ చెంబు పట్టుకుని నిలబడిపోయింది.

"అబద్ధం" అంది జములమ్మ. "సచ్చినోని మీదికి తోస్తున్నవు. ఆయననే కాల్చమంటె తాడెందుకిచ్చినవ్ మరి? అమ్మినోడు ఎవడన్న తాడిస్తడా? పీడ వదిలించుకోనీకి గాదా?"

"నేను ఇయ్యనన్న చెల్లె. గుంజుకున్నంత పని చేసిండు. నీ తాడేదన్నా అంటె తేలేదన్నడు. చేతిల తాడు పట్టుకుని ఇంట్లకెళ్లి ఎల్లితె, ఎద్దును కొననీకి పోతుండని నీకు తెలుస్తదంట. నువ్వు గూడ ఎంబడి వస్తవంట. విత్తనాల పని మీద పోతున్ననని చెప్పి ఒట్టి చేతుల్తోని వచ్చిననన్నడు."

జములమ్మ వెతుక్కుంది, కాదనడానికి ఏమైనా దొరుకుతుందేమోనని. ఏమీ దొరకలేదు. ఆ శనివారం బాలన్న చేతులూపుకుంటూ వెళ్లడం ఆమె వాకిట్లో నిలబడి చూసింది. ఎద్దును కొన్నవాడి దగ్గర సొంత తాడు ఎందుకు లేదో రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆమెకు అనుమానం రాలేదు. సుడులు చూడటం తెలుసు గానీ మొగుడి చేతులు చూడటం తెలియలేదు. గుప్పిట్లోంచి మన్ను జారిపోతుంటే జారనిచ్చింది.

"ఈ గుంజకే నాలుగేండ్లు ఉండె ఆ పలుపు" అన్నాడు జయరాజు నేల చూస్తూ. "ఈ ఇంట్ల పాడె లెవ్వలె. కొడుకు పెండ్లయింది, మనవలు పుట్టిండ్రు. ఆ ఎద్దును అమ్మినంక నాకు సంతకు పోబుద్ధి గాలె, మోకాళ్లు గూడ పట్టినయి. కట్టి పోతనంటె కట్టి పో చెల్లె. నేనేమన."

కట్టి పొమ్మన్న తాడును కట్టి పోవడంలో పగేముంది? ముడి మీద ముడి వేసినందుకు విప్పడానికి చాలాసేపు పట్టింది. గోళ్లు నొప్పి పుట్టాయి. బుచ్చమ్మ చెంబు మళ్లీ అందించింది. జములమ్మ గటగటా తాగేసింది. ఇంకో చెంబు అడిగి తాగింది. పోయేటప్పుడు జయరాజు మళ్లీ అడిగాడు.

"చిన్నోడు మంచిగుండు గదా?"

"మంచిగుండు" అంది. బండి ఎక్కి, ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగింది. "ఆయన అడిగితె మాత్రం కాలుస్తవా? నువ్వు సుత మంచోనివేం గాదు."

"గాదు చెల్లె" అన్నాడు జయరాజు.

తిరుగు దారిలో గాలి ఎదురు. వచ్చేటప్పుడు తోసిన గాలే ఇప్పుడు గుండెల మీద చేతులు పెట్టి వెనక్కి నెట్టింది. జములమ్మకు కోపం తగ్గలేదు, పెరిగింది. ఇప్పుడు అది ఎవరి మీదికి పోవాలో దానికే తెలియడం లేదు. ఆ దోవంతా బండి శబ్దం మీద గొంతు పెంచి బాలన్నతో పోట్లాడింది. వంతెన నడుమ, ఆయన పడిన చోట, బండి పక్కకు ఆపి దిగింది. లారీలు పోతుంటే రెయిలింగు వణుకుతోంది.

"ఓ మనిషీ!" అని నది మీదికి అరిచింది. "ఎద్దు గావాలంటె నోరుదెరిచి అడిగేది లేదా? దొంగతనంగ తెస్తవా? నేనేమన్న పులినా నిన్ను తిననీకి?"

పులేనని ఆమెకే తెలుసు. మూడోసారి కూడా ఎద్దును వెనక్కి పంపించి ఉండేది. సంతలో అందరూ మూడోసారి నవ్వి ఉండేవాళ్లు. తనకు ఇష్టమైన ఎద్దును తన ఇంటికి తెచ్చుకోవడానికి ఆ మనిషి దాని వెన్ను కాల్పించాల్సి వచ్చింది. బొచ్చు మొలిచేదాకా బతికి ఉంటే తానే చెప్పి, తిట్లు తిని, నవ్వేవాడు. గాలి అదీ పడనివ్వలేదు. జములమ్మ అక్కడ నిలబడి ఏడ్చింది. ఆషాఢంలో ఏడవగా మిగిలింది అంతా అప్పుడు వచ్చింది. వంతెన దిగాక బీచుపల్లి గుడి దగ్గర ఈసారీ దండం పెట్టలేదు. ఏ మొహం పెట్టుకుని పెడుతుంది?

ఊరు చేరేసరికి పొద్దుగూకుతోంది. నాగేశ్ దారిలోనే ఎదురొచ్చాడు.

"కట్టొచ్చినవా వదినా?"

ఆమె ఇంట్లోకి పోయి గోడకున్న బాలన్న ఫొటోను దండతో సహా తీసింది. కొట్టంలోకి తెచ్చి, పెద్దోడి ఎదురుగా ఉన్న గుంజకు మేకు కొట్టి తగిలించింది. నాగేశ్ నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఇంక ఈడనే ఉండు" అంది ఫొటోతో. "పేడ వాసన పీల్చుకుంట ఉండు. నాకు అబద్ధం చెప్పి తెచ్చినవు గదా, నీ ఎద్దును నువ్వే కావలి కాయి."

తర్వాత కంచె దగ్గరికి పోయింది. రెండు ఎండాకాలాలు నిలువునా కాగిన ఆ ఎద్దు ఎముకలు లెక్కపెట్టేటట్టు ఉంది. గొలుసు ఒరుసుకుని మెడ కింద తోలు పుండయింది. "చిన్నోడా" అని పిలిచింది. ఆ గొంతులో ఆ పేరు అది ఎన్నడూ వినలేదు, చెవి కూడా కదపలేదు. గొలుసు విప్పి, పుండుకు తగలకుండా పాత పలుపు కట్టింది. ఎద్దు ఆ తాడును వాసన చూసింది. మళ్లీ చూసింది. తాడు వెంట మెల్లగా కొట్టంలోకి నడిచి వచ్చింది. పెద్దోడు దాని మెడ నాకింది. తొట్టిలో మేత వేసి, నీళ్లు పెట్టి, జములమ్మ పక్కన నిలబడింది.

దాని వెన్ను మీద ఒక్కసారి చెయ్యి వేయాలనిపించింది. సుడుల కోసం కాదు. రోజూ కట్టె పడిన చోట ఎలా ఉందో చూడాలని, మెల్లగా చెయ్యి చాచింది.

ఆ చెయ్యి పైకి లేవడం చూడగానే ఎద్దు మేత వదిలేసింది. ఒళ్లంతా ముడుచుకుని, తాడు చివరికంటా వెనక్కి జరిగి, పడబోయే దెబ్బ కోసం కళ్లు మూసుకుని నిలబడింది.